ఆరు పాయింట్ ఎనిమిది, రోజుకి మూడు

ఆరు పాయింట్ ఎనిమిది, ఆ పాయింటు తీసేస్తే అరవై ఎనిమిది, పదో తరగతి లెక్కల్లో తనకొచ్చిన మార్కులు, అప్పుడు నాన్నగారు బెల్టు తీశారు, ఇప్పుడెవరు తీస్తారో అనుకుంటూ కృపావరం ఆస్పత్రిలో పరీక్ష బల్ల మీద కదిలాడు, కింద పరిచిన కాగితం కరకరమంది, ఏమండీ కాస్త కుదురుగా కూర్చోండి అంది కుర్చీలోంచి దేవకుమారి, కుదురట కుదురు, పేగులో కణితి తీసి ఏడాదిన్నరైంది, మూడు నెలలకోసారి రక్తంలో సీఈఏ అని ఒక అంకె చూస్తారు, అయిదు లోపుంటే హాయిగా ఇంటికెళ్లి చేపల పులుసు తినొచ్చు, దాటితే ఆ పాడు జబ్బు మళ్లీ వచ్చిందేమోనని వెతుకుతారు, ఇన్నాళ్లూ రెండు, రెండున్నర అంటూ బుద్ధిగా ఉన్నది పోయిన వారం డాక్టరు కంటే ముందే ఫోన్లో టింగుమని ఆరు పాయింట్ ఎనిమిదై కూర్చుంది, ఆనాటి నుంచి దేవకుమారి మోకాళ్ల మీదే ఉంది, తను బాత్రూంలో తలుపేసుకుని చదువుతూనే ఉన్నాడు, పొగతాగేవాళ్లకి కూడా ఇది పెరగొచ్చు అన్న ఒక్క వాక్యాన్ని వాక్యధ్యానంలా పదేపదే చదివాడు, ఇప్పుడీ డాక్టరమ్మ సరిగ్గా అదే అడుగుతోంది, స్కాన్ ఎలాగూ తీస్తాం, ఒక్కోసారి సిగరెట్ల వల్ల కూడా ఇంత పెరుగుతుంది, మీ ఫారంలో ఎప్పుడూ తాగలేదని ఉంది, నిజమేనా అని.

ఆ గడిలో టిక్కు పెట్టింది తనే, భుజం మీంచి దేవకుమారి చూస్తుంటే ఇంకెక్కడ పెడతాడు, అమెరికాలో ఈ ఆష్‌బర్న్ ఊరి తెలుగు చర్చిలో సంఘపెద్ద, దేహం దేవుని ఆలయమని పిల్లలకి గంటసేపు బోధించి పార్కింగ్ లాట్ చివర ఆ ఆలయానికి ధూపం వేసొచ్చే మనిషి, ఆపరేషనయ్యాక మానాడు, ఒట్టు, ఏడాది మానాడు, ఆఫీసులో లేఆఫ్‌ల మాట పుట్టగానే మళ్లీ మొదలు, ఏలకులు నమలడం, చలిలో అద్దాలు దించి డ్రైవ్ చేయడం, ప్యాకెట్టేమో డిక్కీలో స్పేర్ టైరు కింద, అవునంటే పరువు పోతుంది, కాదంటే ఆశ పోతుంది, ఛీ, యాభై ఆరేళ్లొచ్చి కాన్సరుకి కాదు, పెళ్లానికి భయపడుతున్నాడు, ప్రభువా, ఇది సిగరెట్టే అయ్యుండనీ, వారం నుంచీ ఇదే ప్రార్థన, సిగ్గులేని ప్రార్థన, నోరు తెరిచాడు, దగ్గొచ్చింది.

యెస్ డాక్టర్, డైలీ త్రీ, సండే ఓన్లీ వన్, అంది దేవకుమారి.

డాక్టరమ్మ టకటకా టైప్ చేసింది, ఇవాళే మానేయాలి, ఈ వారమే స్కాన్, నెల పోయాక మళ్లీ రక్తం అని చెప్పి బయటికెళ్లింది, కృపావరం కాగితం అంచు చింపుతూ ఉండిపోయాడు, నీకెలా తెలుసు అని అడక్కముందే ఆవిడే చెప్పింది, ఆ మధ్య నా కారు రిపేరు షాప్‌లో ఉంటే మీ కారు తీసుకెళ్లాను కదండీ, టైరు పంచరైంది, మెకానిక్ స్పేర్ తీస్తే కింద మీ భాగోతం, ఉన్నచోటే పెట్టించేశాను, ఓ రెండు వారాలు దొంగచాటుగా రోజూ లెక్కపెట్టాను, మీరు మానాలని రోజూ ప్రార్థన చేస్తూనే ఉన్నాను, కానీ ఆ నంబరొచ్చిన రోజు సిగరెట్ల వల్ల కూడా పెరుగుతుందని ఆన్‌లైన్లో చదివి గరాజ్‌లోకి పరిగెత్తానండీ, డిక్కీ తెరిచి చూస్తే ప్యాకెట్లో ఎనిమిదే ఉన్నాయి, అమ్మయ్య, ఈయనింకా మానలేదు, దేవునికి స్తోత్రం అనుకున్నాను, అంటూ చున్నీతో ముక్కు తుడుచుకుంది, తర్వాత చెయ్యి చాపి కారు తాళాలివ్వండి అంది, ఇచ్చేశాడు, ఆ చెయ్యి వదల్లేదు, అంకె సంగతి స్కాన్ తేలుస్తుంది, కానీ వారం రోజులుగా ఒకే ఇంట్లో, ఒకరికి తెలియకుండా ఒకరు, ఇద్దరూ ఒకే ప్రార్థన చేస్తున్నారు.