మూగ మీట

పియానోలో ‘నో’ ఉంది గాని, నా గదిలో లేదు. పదిహేడేళ్లుగా మా ఇంటి ముందుగదిలో చిన్నపిల్లలకు పియానో నేర్పుతున్నాను. అయిదేళ్లు నిండితే చేర్చుకుంటాను, ఎనిమిది దాటితే పెద్ద మాస్టార్ల దగ్గరకు పంపేస్తాను. ఇన్నేళ్లలో ఒక్క పిల్లకు గాని పిల్లవాడికి గాని ‘తప్పు’ అని చెప్పలేదు. “ఆహా, కొత్త దారి కనిపెట్టావే! ఇప్పుడోసారి పాత దారిలో కూడా వెళ్లొద్దామా?” అనేవాణ్ణి. అనడమంటే మామూలుగా అనడం కాదు, అరవడం. నేను శభాష్ అంటే వీధి చివర ఇస్త్రీ కొట్టు మనిషి కూడా ఓసారి పెట్టె ఆపి, తననే మెచ్చుకున్నారని సంతోషపడేవాడట.

మా ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి చెవుల్లో దూది పెట్టుకుని మరీ వంటింట్లోకి వెళ్లేది. “పిల్లలకి ప్రోత్సాహమా, పక్కింటివాళ్లకి శిక్షా?” అనేది.

“నా గొంతు అంత, నేనేం చెయ్యను?”

“గొంతు కాదండీ అది, గోల.”

మా పియానో ఒక పాత నాటకశాలను పడగొట్టేటప్పుడు దొరికింది. ఎనభై ఎనిమిది మీటలు. అందులో ఎనభై ఏడు పలుకుతాయి. ఇంచుమించు నడుమ ‘జీ’ అనే స్వరం మీట ఒకటుంది, అది పలకదు. లోపల ప్రతి మీటకూ తీగను కొట్టే చిన్న సుత్తి ఉంటుంది. దీని సుత్తి విరిగింది. నొక్కితే ‘టక్’మని చెక్క చప్పుడు, అంతే. జీ ఉంది, జీవం లేదు.

బాగుచేయడానికి మనిషి లేక కాదు. పియానోలకు శ్రుతి చేయడమే మా బావమరిది వృత్తి. “అరగంట పని బావా, కొత్త సుత్తి వేసేస్తా” అని ఏటా అడిగేవాడు. నేనే వెయ్యనిచ్చేవాణ్ణి కాదు. ఎందుకంటే ఆ మీట పిల్లలు నొక్కినప్పుడల్లా దాని బదులు నేను పాడేవాణ్ణి. టక్ అనగానే “జీఈఈ!” అని, కళ్లు పెద్దవి చేసి, మీసం ఎగరేసి, గది అదిరేలా. భయపడుతూ వచ్చిన పిల్లలు మొదటిరోజే ఆ మీట వదిలేవాళ్లు కాదు. ఇంత పెద్ద మనిషిని ఒక్క వేలితో అరిపించవచ్చని తెలిశాక ఇక భయమేముంది? ఒక్క మీటతో మొదలై పక్క మీటకు, అక్కణ్ణుంచి పాటకు వచ్చేసేవాళ్లు. నా బోధన అంతా ఆ విరిగిన సుత్తి మీదే నిలబడింది.

గువ్వ కూడా అలాగే వచ్చింది. గువ్వ అన్నది తాత పెట్టుకున్న ముద్దుపేరు. ఆరేళ్ల పిల్ల. అమ్మానాన్నలకు ఫ్యాక్టరీలో షిఫ్టులు కాబట్టి తాతే వెంటబెట్టుకు తిరిగేవాడు. తాత సిటీబస్సు డ్రైవరు.

“ఇంట్లో వసపిట్ట, మాస్టారూ” అన్నాడు మొదటిరోజు. “గడప దాటితే మాత్రం నోటికి తాళం. నాతో కూడా చెవిలోనే. బళ్లో ఏడాదైంది, టీచరుకి దీని గొంతెలా ఉంటుందో తెలీదు. వెనక బెంచీలో కూర్చోబెట్టేశారు.”

“మీరు బస్సుకి తాళాలు తియ్యట్లేదా? ఇదీ అంతే. బండి మనది, తాళం మనది. ఏమే గువ్వా?”

గువ్వ నన్ను చూసింది. మీటల్ని చూసింది. నడుమ ఉన్న జీ మీద వేలు పెట్టి నొక్కింది. టక్.

“జీఈఈ!”

ఆ రోజు ముప్ఫై నాలుగుసార్లు నొక్కింది. మాట రాలేదు గాని, ముప్ఫై నాలుగోసారికి పళ్లు కనిపించాయి. ముందు పన్ను ఒకటి ఊడి ఉంది. “నీ నోట్లోనూ ఒక మీట లేదే!” అన్నాను. తాత పడీపడీ నవ్వాడు.

ఎనిమిది నెలల్లో గువ్వ పాట వాయించింది. చిన్నదే, రెండు నిమిషాల పాట. అందులో జీ తొమ్మిదిసార్లు వస్తుంది. తొమ్మిదిసార్లూ నేనే పాడేవాణ్ణి, ఆ పాట ఇద్దరిదీ అన్నట్టు.

ఊళ్లో ఒక సంగీత పాఠశాల ఉంది. ఏటా పన్నెండుమంది పిల్లల్ని తీసుకుని, చదువూ సంగీతమూ అక్కడే నేర్పుతారు. చేరేనాటికి ఏడు నిండకూడదు. గువ్వకు అదే ఆఖరి అవకాశం. తాత ఆ దరఖాస్తు కాగితం జేబులో నాలుగు మడతలు పెట్టుకుని తిరిగేవాడు. “అక్కడ మాట్లాడక్కర్లేదట కదా మాస్టారూ? వాయిస్తే చాలట కదా?”

“వాయిస్తే చాలు. మాట నాకొదిలెయ్యండి” అన్నాను. మాట ఇచ్చాను కూడా. మాట ఇచ్చిన రెండో వారానికి గొంతు బొంగురుపోయింది.

జలుబనుకున్నాను. నెల దాటినా తగ్గలేదు. జీ అని మొదలుపెడితే సగంలో గాలి వచ్చేది. గువ్వ ఆ మీట నొక్కి, నా మెడకేసి చూస్తూ ఉండిపోయేది. పిల్ల బెంగపడకూడదని ఒకరోజు నవ్వుతూ అన్నాను: “రోజుకిన్నిసార్లు నాచేత పాడిస్తే ఉన్న గొంతు కాస్తా అయిపోదుటే, అమ్మడూ?”

తాత నవ్వాడు, నేనూ నవ్వాను. గువ్వ చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను జీవితంలో వేసిన జోకుల్లో శ్లేష లేనిది అదొక్కటే.

డాక్టరు దీపం పెట్టి చూసి, అద్దం పెట్టి చూసి, చిన్న ముక్క కోసి పరీక్షకు పంపి, వారం తర్వాత మా ఇద్దర్నీ కూర్చోబెట్టాడు.

“స్వరపేటిక తీసెయ్యాలి. ఆలస్యమైతే మాట గురించి కాదు, మనిషి గురించి ఆలోచించాలి.”

“పేటిక తీసేస్తే అందులో సామాను ఎక్కడ పెట్టుకోమంటారు, డాక్టరుగారూ?”

డాక్టరు నవ్వలేదు. మా ఆవిడ నవ్వింది, ముప్ఫై ఏళ్ల అలవాటు కదా. మెట్లు దిగాక గోడవైపు తిరిగి నిలబడింది. నాకు గొంతెమ్మ కోరికలు ఎప్పుడూ లేవు. ఆ పూట మాత్రం గొంతే గొంతెమ్మ కోరికైంది.

ఆపరేషన్ తర్వాత మనిషి ఊపిరి తీసే దారి మారిపోతుంది. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. పెదాలు కదులుతాయి గాని, గాలి అక్కడిదాకా రాదు. గుసగుస కూడా ఉండదు. లేచి కూర్చున్నాక మా ఆవిడ ఒక చిన్న పలక తెచ్చిచ్చింది. దాని మీద నేను మొదట రాసింది, ‘ఇక నీకు దూది ఖర్చు తప్పింది’ అని. తను చదివి, పలక బోర్లించి, చాలాసేపు నా కాళ్లు ఒత్తుతూ కూర్చుంది.

రెండోసారి రాసింది బావమరిదికి. ‘సుత్తి వెయ్యి.’

అతను వచ్చి అరగంటలో వేసేశాడు. నేను ఇంటికొచ్చేసరికి ఎనభై ఎనిమిదీ పలుకుతున్నాయి. పిల్లలు వచ్చి జీ నొక్కి, అది పలికితే కెవ్వుమన్నారు. “మాస్టారి కంటే ఇదే బాగా పాడుతోంది!” అన్నాడొకడు. “మాస్టారి గొంతు తీసేశారు, అందుకని” అని వాళ్లకు నచ్చజెప్పింది మా ఆవిడ. గువ్వ గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉంది.

సంగీత పాఠశాల ప్రవేశ పరీక్షకు ఆరు రోజులుంది. గువ్వ పాట మొదలుపెట్టింది. జీ దగ్గరికి వచ్చేసరికి వేలు మీట మీద పెట్టి, నొక్కకుండా తీసేసింది. తొమ్మిదిసార్లూ అంతే. ఇన్నాళ్లూ అక్కడ నేను పాడాను కదా, ఆ అలవాటే అనుకున్నాను. ఆమె వేలి మీద నా వేలు పెట్టి మెల్లగా నొక్కాను. మీట పలికింది. గువ్వ కళ్లు గట్టిగా మూసుకుంది. మళ్లీ సైగ చేస్తే తనే ఒకసారి, వినీ వినపడనట్టు నొక్కింది. నేను చప్పట్లు కొట్టాను, అరచేతులు మండేలా. తప్పు అనని మాస్టార్ని కదా, అది తప్పు కాదు, ఇంకేదో అన్న అనుమానం నాకెందుకు వస్తుంది?

పరీక్షరోజు తాత సెలవు పెట్టాడు. ముగ్గురం బస్సులో వెళ్లాం. డ్రైవరు కదా, తాత సీట్లో ఊరికే కూర్చోవడం చేతకాక, మలుపు వచ్చినప్పుడల్లా కాలితో బ్రేకు తొక్కుతున్నాడు. గువ్వకు ఉతికి మడత పెట్టిన నీలం గౌను. పెద్ద హాలు, నల్లగా మెరిసే పియానో, ఎదురుగా బల్ల దగ్గర ముగ్గురు. నడుమనున్న పెద్దావిడ ముఖం మంచిది.

“ఏం పేరు, తల్లీ?”

తాత చెప్పబోయాడు. ఆవిడ చెయ్యెత్తి, “ఫర్వాలేదు, వాయించమనండి చాలు” అంది. తాత నా చెయ్యి పట్టుకున్నాడు.

గువ్వ వాయించింది. నేను విన్నన్నాళ్లలో అంత శుభ్రంగా ఎప్పుడూ వాయించలేదు. జీ వచ్చింది. వేలు మీట మీద ఆనింది, లేచింది. నిశ్శబ్దం. నా నోరు దానంతటదే తెరుచుకుంది, మెడ దగ్గర గుడ్డ ఎగిరింది. చప్పుడు లేదు. మళ్లీ జీ, మళ్లీ నిశ్శబ్దం. తొమ్మిది చోట్ల తొమ్మిది గుంటలు. గువ్వ బల్లవైపు గాని, పియానోవైపు గాని చూడటం లేదు. నావైపే చూస్తూ వాయిస్తోంది.

“వేళ్లు బాగున్నాయండీ” అంది పెద్దావిడ తాతతో. “కాని నడుమ స్వరాలు వదిలేస్తోంది. అమ్మా, అది కూడా నొక్కి ఒక్కసారి వాయిస్తావా?”

గువ్వ తల అడ్డంగా ఊపింది. ఆవిడ రెండుసార్లు అడిగింది. మూడోసారి అడగకుండా కాగితం మీద ఏదో రాసుకుంది. నేను పలక తీసి గబగబా ‘మా పియానోలో ఆ మీట’ అని మొదలుపెట్టేలోపు తలుపు దగ్గర తర్వాతి పిల్లవాడి పేరు పిలిచారు.

పన్నెండు పేర్లూ ఆ మధ్యాహ్నమే గోడకు అంటించారు. తాత పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివాడు.

తిరుగుబస్సులో గువ్వ తాత ఒళ్లో కూర్చుని చెవిలో చాలాసేపు చెప్పింది. తాత వింటూ వింటూ ముఖం కిటికీవైపు తిప్పుకున్నాడు.

“మాస్టారూ, ఎలా చెప్పాలో తెలీట్లేదు” అన్నాడు చివరికి. “తను ఎక్కువసార్లు నొక్కడం వల్ల మీ గొంతు అయిపోయిందట. మీరే అన్నారట, పాడిస్తే అయిపోతుందని. మిగిలిన కాస్తా తీసి మీ పియానోలో పెట్టారట, అమ్మగారు చెప్తుంటే విందట.”

గువ్వ నా మెడ మీది గుడ్డకేసి చూస్తోంది.

“మరి అక్కడి పియానోలో నొక్కడానికేమే అంటే, ఎక్కడ నొక్కినా ఆ మీట మాస్టారిదే కదా తాతా అంటోంది.” తాత పిల్ల తల నిమిరాడు. “మీ గొంతు ఇంకెన్నిసార్లకు మిగిలిందో అడగమంటోంది.”

పలక తీశాను. ‘నీ వల్ల కాదు’ అని రాశాను. రాసి చూసుకుంటే ఆ మాటకు రెండు ముఖాలు కనిపించాయి. పరీక్ష పోయిన పిల్లకు చూపించే మాటేనా అది? బతుకంతా మాటల్ని అటూ ఇటూ తిప్పి నవ్వించినవాణ్ణి, ఒక్క తిన్నని మాట దొరక్క బస్సు దిగేదాకా పలక చెరుపుతూ కూర్చున్నాను.

మంగళవారం గువ్వ వచ్చింది. రాదేమో అనుకున్నాను. బల్ల మీద కూర్చోబెట్టి, నేను పక్కన నిలబడి జీ నొక్కాను. మళ్లీ నొక్కాను. పది, ఇరవై, నలభైసార్లు. చూడు, తగ్గడం లేదు, ఎన్నిసార్లు నొక్కినా అదే పలుకు, ఇది వట్టి తీగ, వట్టి సుత్తి అని నా అర్థం. వేగంగా నొక్కుతున్నకొద్దీ నాకు ఆయాసం ఎక్కువైంది. గువ్వ మీటను చూడటం లేదు. మెడ దగ్గర రెపరెపలాడుతున్న గుడ్డనే చూస్తోంది.

రెండు చేతులతో నా మణికట్టు పట్టుకుంది.

“వద్దు” అంది.

సన్నని గొంతు, కొంచెం బొంగురు. గుమ్మం దగ్గర తాత లేచి నిలబడ్డాడు. ఇన్ని నెలలుగా ఆ గదిలో ఆ పిల్ల నోటివెంట ఒక్క మాట కోసం కాచుకున్నాను. ఇదివరకైతే ఇస్త్రీ కొట్టుదాకా వినపడేలా అరిచి ఉండేవాణ్ణి. చప్పట్లు కొడదామంటే చెయ్యి తన చేతుల్లో ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. గువ్వ తన రుమాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, ఆ మీట మీద పరిచింది.

ఇప్పటికీ ప్రతి మంగళవారం వస్తుంది. మళ్లీ మాట్లాడలేదు. వెనక బెంచీ వెనక బెంచీలాగే ఉందని తాత చెప్పాడు. తన కోసం జీ లేని పాటలు రాస్తున్నాను. కష్టమేమీ కాదు, ఆ చోటికి వచ్చేసరికి పక్కనుంచి తప్పుకుపోవాలి. పాట అయ్యాక గువ్వ రుమాలు తీసి దులిపి జేబులో పెట్టుకుంటుంది. మీట మీద వేలు పడకుండా పియానో మూత నేనే వేస్తాను.