ఎల్టీసీ బస్సులో పథ్యం

బుచ్చన్నకు షుగరు. ఆ షుగరుకు కాపలా లస్మవ్వ. గోదావరిఖని బొగ్గుబాయి క్వార్టర్లలో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. పెళ్లి బంతిలో లడ్డూల గంప పట్టుకొచ్చినవాడు బుచ్చన్న విస్తరి దగ్గరికి రాగానే ముందు లస్మవ్వ మొహం చూసేవాడు. ఆమె కన్నెర్ర చేయకముందే పక్క విస్తరికి జరిగిపోయేవాడు.

కొన్నేళ్లకోసారి దేశం తిరిగి రమ్మని కంపెనీ సెలవూ చార్జీలూ ఇస్తుంది. బాయి జనం దాన్ని ఎల్టీసీ అంటారు. ఆ ఏడు కాలనీ వాళ్లంతా కలిసి ఒక బస్సు మాట్లాడుకున్నారు. తిరుపతి, నాగూరు, రామేశ్వరం, కన్యాకుమారి. వెంకన్నకు తలనీలాలు మొక్కినవాళ్లూ, నాగూరు దర్గాకు చాదర్ మొక్కినవాళ్లూ ఒకే బస్సెక్కారు. పక్క క్వార్టర్లో ఉండే మెకానిక్ అలీముద్దీన్, అతని భార్య కరీమున్నీసా వీళ్ల వెనక సీట్లోనే కూర్చున్నారు.

బయల్దేరే ముందు దవాఖాన డాక్టరు బుచ్చన్నను చూసి సంతోషపడ్డాడు. "షుగర్ బాగా తగ్గింది. ఇదంతా మీ భార్య చలవే. దారిలో పాడు చేసుకోకండి. తిరిగొచ్చాక మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి మీరు" అన్నాడు. లస్మవ్వ పొంగిపోయింది. బుచ్చన్న మాత్రం ఇంటిదాకా తల దించుకొనే నడిచాడు. అప్పుడే ఆమెకు ఏదో తేడా కొట్టింది.

ఆమె సామాను చూసి బస్సులో అందరూ నవ్వారు. జొన్నపిండి డబ్బా, ఎండబెట్టిన కాకర ముక్కలు, నానబెట్టుకోవడానికి మెంతులు, కాచి చల్లార్చిన నీళ్ల క్యాను, కిరసనాయిలు స్టవ్వు. బస్సు ఎక్కడ ఆగినా వంటమాస్టరు పులిహోరా జిలేబీ చేస్తుంటే, ఈమె ఒక మూలన కూర్చొని రొట్టెలు కొట్టేది. తెల్లారగానే మొగుణ్ని లేపి బస్సు చుట్టూ నడిపించేది.

"వదినె, అన్నను తీర్థం తీస్కపోతున్నవా, దవాఖానకు తీస్కపోతున్నవా?" అన్నాడు అలీముద్దీన్.

"రెండిట్లకూ భాయ్. దేవుడు సల్లగ సూసినా రొట్టె నేనే కొట్టాలె గదా" అంది లస్మవ్వ.

తిరుపతి దాటాక అసలు అనుమానం మొదలైంది. బస్సు ఆగితే చాలు, బుచ్చన్న మాయం. అందరూ ఎక్కాక, డ్రైవరు హారన్ కొట్టాక, సోంపు నములుకుంటూ వచ్చేవాడు.

"ఏడికి పోయినవ్?"

"ఉట్టిగనే. గాలికి."

"గాలికి పోయినోనికి సోంపెందుకు?"

అతను కిటికీలోంచి బయటికి చూసేవాడు. లస్మవ్వ దగ్గరికి జరిగి వాసన పట్టింది. సారా వాసన లేదు, బీడీ వాసన కూడా లేదు. తాగివచ్చినా బాగుండేది, ఏ రోగమో తెలిసేది అనుకుంది. ఇంకో సంగతీ ఉంది. తమిళ దేశంలో ఎండకు పీనుగ కూడా లేచి కూర్చునేలా ఉంటే, ఈ మనిషి రాత్రింబవళ్లు కాళ్లకు మేజోళ్లు విప్పడం లేదు. అడిగితే చలి అన్నాడు. మేజోళ్లలో ఏం దాచాడో అని నిద్రలో తడిమి చూడబోతే ఉలిక్కిపడి కాళ్లు ముడుచుకున్నాడు.

ఒక పొద్దున సత్రంలో అతని అంగీ ఉతకబోతే జేబు నిండా చీమలు. లస్మవ్వ పెరట్లో అతను ఒంటికి వెళ్లిన చోటికి పోయి చూసింది. అక్కడా చీమలే బారులు తీరి ఉన్నాయి. షుగరు మనిషి ఇంట్లో ఆ చీమల అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇన్నాళ్ల రొట్టెలూ, కాకర చేదూ, పొద్దుటి నడకా గంగలో కలిసినట్టే.

ఆమె తిన్నగా అలీముద్దీన్ మీదికి వెళ్లింది. "భాయ్, నిన్ను అన్నలెక్క సూస్తున్న. మా ఆయనకు తీపి అలవాటు చేస్తున్నది నువ్వేనా?"

అలీముద్దీన్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "అల్లా తోడు, వదినె! నన్ను చాయ్ కాడ ఇడ్సిపెట్టి ఆయనే పోతడు. ఎన్కకు రావొద్దంటడు."

అతను నిజం చెప్తున్నాడని తెలుస్తూనే ఉంది. అయినా లస్మవ్వకు నమ్మాలనిపించలేదు. అనుమానం పట్టినవాళ్లకు నిజం కూడా అబద్ధం చెల్లెలిలాగే కనిపిస్తుంది. కరీమున్నీసా ఆమె చేయి పట్టుకొని పక్కకు తీసుకుపోయింది. "అక్కా, మొగోని మీద కన్ను పెడితె ఏమైతది? కాళ్లు పెట్టు. ఎన్కనే పో."

నాగూరులో సాయంత్రం బస్సు దిగారు. దర్గా వీధి కిటకిటలాడుతోంది. గులాబీల బుట్టలు, ఊదుబత్తీల పొగ, అంగళ్లలో నెయ్యి కారుతున్న హల్వా పళ్లేలు. కరీమున్నీసా చాదర్ తల మీద పెట్టుకొని లోపలికి వెళ్లింది. లస్మవ్వ కొంగు నెత్తిమీదికి లాక్కొని బుచ్చన్న వెనక నడిచింది. వెనక నుంచి చూస్తేనే తెలిసింది, అతను కుడికాలు ఈడుస్తున్నాడు.

అతను ఒక హల్వా అంగడి దగ్గర ఆగాడు. ఆకులో పెట్టించుకొని సందులోకి వెళ్లి గోడవైపు తిరిగాడు. దొరికాడు దొంగ అనుకుంది లస్మవ్వ. నోటి నిండా తిట్లు సిద్ధం చేసుకొని రెండడుగులు ముందుకు వేసింది. మూడో అడుగు పడలేదు.

బుచ్చన్న కళ్లు మూసుకొని తింటున్నాడు. పిల్లవాడు ఆముదం తాగినట్టు మొహం చిట్లించుకొని ఒక ముద్ద మింగాడు, వాంతి రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, మళ్లీ ఇంకో ముద్ద మింగాడు. నిజానికి తీపి అతనికి ఏనాడూ గిట్టదు. పండగనాడు భక్షాలు పక్కకు నెట్టి పచ్చిమిరపకాయ అడిగే మనిషి. రుచికి ఆశపడి తినే మొగుణ్ని తిట్టవచ్చు. రోత పడుతూ తినే మొగుణ్ని ఎట్లా తిట్టాలి?

"ఎవలి కోసం తింటున్నవ్ గది?" అంది.

బుచ్చన్న తుళ్లిపడ్డాడు. దాచడానికి చోటు లేదు. ఆకు చేతిలోనే ఉంది.

"బోర్డు ఉన్నది గదనే" అన్నాడు చివరికి.

ఆ ఒక్క మాటతో లస్మవ్వకు అంతా అర్థమైంది. బోర్డు డాక్టర్లు అన్‌ఫిట్ అని రాస్తే తండ్రి ఇంట్లో కూర్చుంటాడు, అతని నౌకరి కొడుక్కి వస్తుంది. కొడుకు ఎల్లేశం ఐటీఐ చదివి, పని దొరక్క, చౌరస్తాలో నిలబడి నిలబడి మనుషులతో మాట్లాడటమే మానేశాడు.

"నువ్వేమొ రొట్టెలు పెట్టి పెట్టి మంచిగ చేస్తివి" అన్నాడు బుచ్చన్న. "షుగర్ తగ్గిందని డాక్టరు నవ్వుకుంట చెప్తుంటె నా గుండెల రాయి పడ్డది. గిట్లనే పోతె ఫిట్ అని రాస్తరు. మరి పోరడు ఏం గావాలె? ఇంట్ల నీ కండ్లు కప్పుడు నాతోని గాదు. అందుకే ఈ తీర్థంలనే..."

"కాలుకేమైంది?"

"ఏం గాలే."

"బూటిడువు."

అతను కదల్లేదు. ఆమే కూర్చొని బూటు లాగింది, అంటుకుపోయిన మేజోడు మెల్లగా ఒలిచింది. తిరుపతి బండల మీద లేచిన బొబ్బ. మందు పెట్టకుండా, కట్టు కట్టకుండా, కావాలని మాగబెట్టాడు. బొటనవేలు నల్లబడింది.

"జెర గూడ నొస్తలేదే" అన్నాడు బుచ్చన్న. ఆ గొంతులో గొప్ప ఉంది, పని బాగా సాగుతోందని మేస్త్రీకి చెప్పుకున్నట్టుగా. లస్మవ్వకు ఏడుపు తన్నుకొచ్చింది. షుగరు మనిషికి పుండు నొప్పి తెలియకపోతే కాలికే ముప్పని డాక్టరు తనకు చెప్పాడు. ఇతనికి చెప్పినా వినేవాడు కాదు.

ఆకు ఆమె చేతిలోకి వచ్చింది. పారెయ్యాలి. కానీ చెయ్యి లేవలేదు. చౌరస్తాలో నిలబడ్డ ఎల్లేశం కళ్ల ముందుకొచ్చాడు. ఇంకా రామేశ్వరం ఉంది, కన్యాకుమారి ఉంది. నేను చూడలేదనుకుంటే? ఇతను ఎలాగూ తెగించాడు, నేను కళ్లు మూసుకుంటే పిల్లవాడి బతుకు ఒక దారిన పడుతుంది కదా? ఆ ఆలోచన తనదేనని తెలిసి లస్మవ్వ ఆకును దూరంగా పట్టుకుంది. ఇన్ని రోజులూ అలీముద్దీన్‌ను అనుమానించింది, ఈ మనిషిని అనుమానించింది. అసలు కాపలా పెట్టవలసింది తన మీద.

సందులో తిరుగుతున్న మేక ముందు ఆకు పడేసింది. మేక హల్వానూ ఆకునూ కూడా తినేసింది.

"పోరడు అయ్యను తిని బతకద్దు" అంది.

"రేపు వాడు అడిగితె ఏం చెప్తవ్?"

"నేనే వద్దన్న అని చెప్త. తిడితె నన్ను తిట్టనీ. కూలికన్న పోతడు, రెండు కాళ్లున్నయ్ వానికి."

ఆమె కొంగు చింపి వేలికి కట్టింది. ఎదురొచ్చిన అలీముద్దీన్‌ను పిలిచి డాక్టరు ఎక్కడుంటాడో కనుక్కోమంది. అతను కాలు చూసి, అంగళ్ల వాళ్లను అడుగుతూ ముందు నడిచాడు.

"బస్సు పోతది గదనే" అన్నాడు బుచ్చన్న.

"పోనియ్."

అతని చేయి తన భుజం మీద వేసుకొని లస్మవ్వ నడవసాగింది. వీధి చివర డాక్టరు బోర్డు కనపడింది. దాన్ని చూడగానే బుచ్చన్న అడుగు తడబడింది. భుజం మీది చెయ్యి బరువెక్కింది.

"లస్మీ" అన్నాడు, చిన్నపిల్లవాడి గొంతుతో. "కాలు ఉంటదంటవా?"

లస్మవ్వ అతని నడుము చుట్టూ చెయ్యి బిగించి, ఇంకా జల్దీ నడిచింది.