అల్లుడికి గడి లేదు

విద్యుత్ నియంత్రణ మండలిలో ఏ విచారణకైనా ముందు ఒక కాగితం తిరుగుతుంది. ఈ కరెంటు కంపెనీతో నాకుగానీ, నాతో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళకుగానీ ఏ సంబంధమూ, ఏ తగాదా లేదని అందులో ఉంటుంది. మండలి పెద్ద మొదలు ఫైలు మోసే గుమాస్తా దాకా అందరూ సంతకం పెట్టాలి. ఆ కాగితంలో గడులు గీసింది గుమాస్తాయే, పద్దెనిమిదేళ్ళ కిందట. చుట్టాలందరి పేర్లూ అడిగితే పెద్దలు విసుక్కుంటారని, ఒకే ఇంట్లో ఉండేవాళ్ళయితే చాలనుకున్నాడు. అప్పట్లో అందరూ భుజం తట్టారు.

ఆ రోజు విచారణ అతని చెల్లెలిది. వేలాడే కరెంటు తీగ తగిలి ఆమె మొగుడు పెరట్లోనే పోయాడు. తీగ జారిందని ఆమె అంతకుముందే కంపెనీకి మూడు అర్జీలు పెట్టుకుంది. బట్టలారేసే తీగను అతనే స్తంభానికి కట్టి చచ్చాడని కంపెనీ అంటోంది. తప్పు చచ్చినవాడిది కాదని మండలి ఒక్క మాట రాయాలి. చెల్లెలికి కావలసింది అంతే. గుమాస్తా ఆ మూడు అర్జీలనూ ఫైల్లో అన్నిటికన్నా పైన పెట్టి కట్టాడు. అది పద్ధతి కాదని అతనికి తెలుసు.

కాగితం పట్టుకుని పెద్దాయన గదికి వెళ్తే, కంపెనీ వకీలు కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు. అతను పెద్దాయన అల్లుడు.

"వస్తా మావయ్యా, లోపల కలుద్దాం," అని కప్పు కింద పెట్టి వెళ్ళాడు.

పెద్దాయన చదవకుండానే సంతకం గీకాడు. గుమాస్తా కదల్లేదు.

"ఏంటయ్యా, గుంజలా నిలబడ్డావ్?"

"అల్లుడుగారి సంగతి రాయాలేమోనండి."

"రాస్తాను. ఏ గడిలోనో చూపించు."

గుమాస్తా చూపించలేకపోయాడు.

"వాడు నా ఇంట్లో ఉండడయ్యా. ఇల్లరికం తెచ్చుకుందామంటే మా ఆవిడ ఒప్పుకోలేదు!" పెద్దాయన పొట్ట కదిలేలా నవ్వాడు. నవ్వు ఆపి, "మరి నీ సంతకమేది?" అన్నాడు.

మొగుడు పోయిన నెలకే చెల్లెల్ని గుమాస్తా తన ఇంటికి తెచ్చుకున్నాడు. పొద్దున ఇద్దరూ ఒకే బస్సులో వచ్చారు. తన సంతకం ఎవరూ అడగరనుకున్నాడు. అబద్ధం రాస్తే బయటపడ్డాక ఆమె కేసే మట్టిగొట్టుకుపోతుంది. ఒకే ఇంట్లో ఉండేవాళ్ళ గడిలో చెల్లెలి పేరు రాశాడు.

"తగాదా నీ ఇంట్లో పెట్టుకుని నా అల్లుణ్ణి అడుగుతున్నావా? ఫైలు పక్కవాడికిచ్చి బయట కూర్చో."

పక్క గుమాస్తా పద్ధతి ఎరిగినవాడు. మూడు అర్జీలనూ తీసి, తేదీల వరసన వాటి చోట, అడుగున సర్దాడు. విచారణ పావుగంటలో అయిపోయింది. ఫైలు అడుగుదాకా ఎవరూ వెళ్ళలేదు.

చెల్లెలు బయటికొచ్చింది.

"ఏమన్నారే?"

"తీగ ఆయనే కట్టాడట. తప్పు ఆయనదేనట. నేను లోపలుంటాను, భయపడకన్నావు కదన్నయ్యా," అంది.

అతను ఆమె చేతి సంచీ అందుకున్నాడు.

"పెద్దాయన నిన్ను మాత్రం అందరి ముందూ మెచ్చుకున్నాడు. విచారణకు మచ్చ రాకుండా నువ్వే తప్పుకున్నావట."

మర్నాడు ఇంకో కంపెనీ విచారణ. గుమాస్తా అదే కాగితం పట్టుకుని గదిగదికీ తిరిగాడు. కొత్త గడి గీయమని ఎవరూ అడగలేదు. అతనూ గీయలేదు.