బయటి గొళ్ళెం

తాళాలాయన రోజూ పొద్దున్నే చేసే మొదటి పని, బాగుకి వచ్చిన తాళం కప్పలన్నీ బల్ల మీద వరసగా పరిచి ఒక్కోదాని నోట్లో ఒక్కో చుక్క నూనె వెయ్యడం. నూనె తాగిన తాళానికీ, నోరు మూసుకున్న మనిషికీ చేటు లేదని ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం మీదే అరవై రెండేళ్ళు నెట్టుకొచ్చాడు. ఊళ్ళో సగం గుమ్మాలకి ఆయన చేతి గొళ్ళేలే. ఎవరు ఎందుకు బిగించమంటున్నారో ఏనాడూ అడగలేదు. బిగించమన్నారు, బిగించాడు. అంతే.

ఆ రోజు తలుపు రోజు. అయినా కూతురు చొక్కాల ఫ్యాక్టరీకి బయల్దేరుతోంది. ఇస్త్రీ గదిలో పని. జుట్టు మీద గుడ్డ బిగించి కట్టుకుంటోంది, లేకపోతే ఆవిరికి తడిసి ముద్దవుతుంది.

"ఈసారి సెలవు లేదా?" అన్నాడు తాళాలాయన.

"ఆర్డరు ఉందట. సెలవులు పండగలకి, తలుపులకి కాదు అన్నాడు సూపర్‌వైజరు. పోనీలే, తలుపు తీసినప్పుడు నేను లోపల ఎదురుగానే ఉంటాగా. నువ్వు ముందు వరసలో నిలబడు నాన్నా, చెయ్యి ఊపుతాను."

"సరే."

"సరే అంటావు, వెనక్కెళ్ళి దాక్కుంటావు. పోయినేడాది నాకు నీ గొడుగు మాత్రమే కనిపించింది."

ఆయన నవ్వాడు. కూతురు టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"మా వెనక తలుపుకి బయటవైపు కొత్త గొళ్ళెం పడింది, తెలుసా? ఎవరు బిగించారో గానీ మంచి పనిమంతుడు. స్క్రూల గీతలన్నీ నిటారుగా, ఒక్క వాటంగా ఉన్నాయి."

నూనె చుక్క తాళం నోట్లో పడకుండా బల్ల మీద పడింది.

"రాత్రిళ్ళు దొంగల భయమేమో," అన్నాడు తాళాలాయన, తల ఎత్తకుండా.

కూతురు ఇంకొంచెంసేపు నిలబడింది. తర్వాత చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఆ గొళ్ళెం బిగించింది ఆయనే. పది రోజుల కిందట, ఆదివారం, ఫ్యాక్టరీ మూసి ఉన్నప్పుడు మేనేజరు పిలిపించాడు. పని సాయంత్రం దాకా సాగింది. తలుపుకి లోపల గడియ బాగానే ఉంది, చూశాడు. దొంగల భయమైతే లోపలి గడియ చాలు. బయట గొళ్ళెం వేసేది లోపలున్నవాళ్ళ కోసమే. ఆ సంగతి తాళాలు బిగించేవాడికి ఒకరు చెప్పాలా? అయినా అడగలేదు. స్క్రూల గీతలు మాత్రం, అలవాటు కొద్దీ, అన్నీ నిటారుగా నిలబెట్టాడు.

తలుపు రోజు సంగతి ఆ ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. వెనకటికి ఆ ఫ్యాక్టరీకి రెండు దారులుండేవి. ముందు గేటు ముందు వీధులవాళ్ళకి, వెనక తలుపు వెనక వీధులవాళ్ళకి. వెనక వీధులవాళ్ళు లోపలికి వెళ్ళాక తలుపుకి బయట తాళం పడేది. మళ్ళీ సాయంత్రమే తీసేవాళ్ళు. వెనక వీధుల్లోనే పుట్టిన ఒక కుట్టుమిషను మనిషి, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ, ఒక పొద్దున ముందు గేటు దగ్గర నిలబడి మేనేజరుని అడిగింది: "మమ్మల్ని లోపల పెట్టి తాళం ఎందుకు వేస్తున్నారు?" మర్నాడు మళ్ళీ అదే ప్రశ్న. పదిహేడు రోజులు అదే ప్రశ్న. మొదట ఒక్కతి, తర్వాత పదిమంది, తర్వాత వీధులకి వీధులు. పద్దెనిమిదో రోజున వెనక తలుపుని బందులతో సహా ఊడదీసి, భుజాల మీద మోసుకొచ్చి, ఊరి నడుమ నాలుగు రోడ్ల కూడలిలో నిలబెట్టారు. ఆ రోజునించీ అందరికీ ఒకటే గేటు. వెనక కొత్త ఇనప తలుపు పెట్టుకున్నారు గానీ, మనుషులు లోపల ఉండగా దానికి తాళం పడకూడదని కాగితం రాసిచ్చారు. పాత తలుపు చెక్క మీద పెద్దక్క కత్తెర మొనతో ఒక్క మాట గీసింది: అడుగు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. ఏటా అదే రోజున ఆ తలుపుని ఊరేగించి, కూడలిలో రెండు రాతి స్తంభాల మధ్య నిలబెడతారు. పెద్దక్కతో కలిసి పనిచేసిన బొత్తాలవ్వ పిడి పట్టుకుని లాగుతుంది. తెరిస్తే ఎదురుగా ఫ్యాక్టరీ ఇస్త్రీ గది. ఫ్యాక్టరీ అక్కడికి బస్సులో ఇరవై నిమిషాల దూరం. అయినా తలుపు ఎక్కడిదో అక్కడికే కదా తెరుచుకునేది! ఆవిరి గుప్పుమని ముఖాలకి కొడుతుంది, లోపలివాళ్ళు చేతులూపుతారు, బయటివాళ్ళు చప్పట్లు కొడతారు, మళ్ళీ మూసేస్తారు. గుమ్మం ఎవరూ దాటరు, పనివేళ గదా. ఒక ఏడాది మాత్రం ఫ్యాక్టరీ పిల్లి ఇటు దూకింది. ఇప్పటికీ పాల దుకాణం మెట్ల మీదే ఉంటోంది.

ఈ ఏడాది ముఖ్య అతిథి ఫ్యాక్టరీ మేనేజరే. సభ పెట్టించేది డ్రాయింగు మాస్టారు. ఆయన స్వయంగా గీసిన పెద్ద గుడ్డ వేదిక వెనక వేలాడుతోంది. దాని మీద 'అడుగు' అని అక్షరాలు, కింద ఒక పాదం బొమ్మ.

బొత్తాలవ్వ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దాన్ని ఎగాదిగా చూసింది.

"పాదం ఎందుకేశావు మాస్టారూ?"

"అడుగు అంటే అదే కదా అవ్వా. ముందడుగు! ప్రగతి!"

"నా మొహంలే. అది నడవమని కాదయ్యా, నోరు తెరిచి అడగమని. రాసిన రోజు నేను పక్కనే ఉన్నాను. కత్తెర నాదే."

మాస్టారు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఏదో ఒకటిలే అవ్వా. మేనేజరు గారు కూర్చుని ఉన్నారు. పాదమైతే ఎవరికీ గుచ్చుకోదు."

"పాదానికే గదయ్యా ముళ్ళు గుచ్చుకునేది," అంది అవ్వ.

తాళాలాయన ఈసారి నిజంగానే ముందు వరసలో నిలబడ్డాడు. కూతురికి మాటిచ్చాడు మరి.

మేనేజరు మాట్లాడాడు. మాస్టారు మాట్లాడాడు. చివరికి బొత్తాలవ్వ లేచి, పిడి పట్టుకుని లాగింది. తలుపు రాలేదు. మళ్ళీ లాగింది. కదల్లేదు.

"అవ్వకి అన్నం సరిపోయినట్టు లేదు!" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి కాలు స్తంభానికి తన్నిపెట్టి లాగారు. చెక్క కిర్రుమంది గానీ తెరుచుకోలేదు.

"తుప్పు పట్టి ఉంటుంది. వచ్చే ఏడాదికి కొత్త తలుపు మేమే చేయించి ఇస్తాం," అన్నాడు మేనేజరు మైకులో. చప్పట్లు పడ్డాయి.

"తాళాలాయన ఇక్కడే ఉన్నాడుగా! రావయ్యా, రెండు చుక్కలు నూనె కొట్టు," అని పిలిచాడు మాస్టారు.

ఆయన సంచితో ముందుకి వెళ్ళాడు. బందులు చూశాడు. తుప్పు లేదు, పోయిన నెలలో తనే నూనె వేశాడు. చెక్కకి చెవి ఆనించాడు. లోపల, ఎక్కడో దూరాన, ఇనుము మీద ఇనుము టకటకా కొట్టుకుంటున్న చప్పుడు. తాళం కప్ప ఊగుతున్న చప్పుడు. ఏ కప్ప చప్పుడో కూడా ఆయనకి తెలిసింది. దాని మీద ఇంకో చప్పుడు వినిపించింది. అరచేతులు. చాలా అరచేతులు.

పాత తాళం ఊడదీసిన చోట తలుపుకి చిన్న చిల్లు ఉంది. అందులోంచి సన్నగా తెల్లటి పోగు ఒకటి బయటికి వస్తోంది.

"ఆవిరి. ఇస్త్రీ గది కదా," అన్నాడు మేనేజరు, వేదిక మీదనించే.

తాళాలాయన చిల్లు మీద వేలు పెట్టి తీశాడు. ఆవిరైతే వేలు తడవాలి. వేలు నల్లగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన నూలు వాసన.

"గొడ్డలి తెండి!" అని అరిచారెవరో.

"వద్దు. ఇక్కడ కొడితే ఈ చెక్క పగులుతుంది. అక్కడ ఉన్నది ఇనుము. తాళం వేసి ఉంది," అన్నాడు తాళాలాయన. తన గొంతు తనకే కొత్తగా ఉంది.

"తాళమా? ఎవరు చెప్పారు?" అంటూ మాస్టారు మేనేజరు వైపు చూశాడు. మేనేజరు గడియారం చూసుకున్నాడు.

తాళాలాయన నోరు తెరిచాడు. ఒక్క మాట పెదవి దాటితే ఇక ఊరంతా తెలుస్తుంది, ఆ గొళ్ళెం ఎవరు బిగించారో. ఆయనకి ఆ ఊళ్ళో ఉన్న ఆస్తల్లా నమ్మకమే. ఇంట్లో తాళం చెవులు ఆయన చేతికిచ్చి ఊరెళ్ళేవాళ్ళున్నారు. చెక్క వెనక అరచేతుల చప్పుడు ఇందాకటికంటే తగ్గింది. ఎదురుగా, కంటికి జానెడు దూరంలో, కత్తెర మొనతో గీసిన మాట ఉంది.

"అయ్యా," అన్నాడు, "తాళం చెవి ఎక్కడ?"

"ఏ తాళం చెవి?"

"వెనక తలుపుది. నేను బిగించిన గొళ్ళేనిది."

"నువ్వెవరయ్యా నన్నడగడానికి?" అన్నాడు మేనేజరు.

బొత్తాలవ్వ నవ్వింది, పళ్ళు లేని నవ్వు. "అచ్చం అదే మాట. ఆ రోజు ఆ మేనేజరూ అక్షరం పొల్లుపోకుండా ఇదే అన్నాడు. మళ్ళీ అడుగు నాయనా."

"తాళం చెవి ఎక్కడ?"

"పనివాళ్ళు సభకి జారుకోకుండా ఒక్క పూటకి... అంతా అదుపులోనే ఉంది. ఫోన్ చేస్తాను, మనిషిని పంపిస్తాను..."

"ఇరవై నిమిషాలు," అన్నాడు తాళాలాయన. "తాళం చెవి ఎక్కడ?"

"తాళం చెవి ఎక్కడ?" అంది బొత్తాలవ్వ. పాల దుకాణం వాడు అడిగాడు. ఇందాక నవ్వినవాళ్ళు అడిగారు. వేదిక మీద డ్రాయింగు మాస్టారు మైకు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "చెప్పండి సార్," అన్నాడు, "తాళం చెవి ఎక్కడ?" ఆ మాట నాలుగు రోడ్లకీ వినిపించింది.

మేనేజరు చెయ్యి నెమ్మదిగా కోటు జేబులోకి వెళ్ళింది.

గుత్తిలో కొత్త చెవి ఒక్కటే మెరుస్తోంది. తాళాలాయన దాన్ని పాత చిల్లులో పెట్టాడు. చిల్లు పెద్దది, చెవి చిన్నది. అందులో తిప్పడానికి ఏమీ లేదు. ఆయన కళ్ళు మూసుకుని, చేతికి గుర్తున్నంత లోపలికి తోశాడు. ఏదో తగిలింది. కుడికి సగం చుట్టు తిప్పాడు. దూరంగా, ఇరవై నిమిషాల అవతల, కప్ప ఊడి నేల మీద పడిన చప్పుడు అందరికీ వినిపించింది.

అవ్వ పిడి లాగింది.

పొగ గోడలా బయటికి పడింది. దాని వెనకే మనుషులు. "జరగండి, జరగండి, వస్తున్నారు!" అని అరుస్తూ జనం దారి ఇచ్చారు. దగ్గుతూ ఒకరు, ఒకరి భుజం మీద వాలి ఇంకొకరు, కళ్ళు మూసుకుపోయిన ఒకావిడని నలుగురు మోసుకుంటూ. చేతిలో ఇంకా చొక్కా కాలరు పట్టుకుని ఒకామె వచ్చింది, వదలడం మర్చిపోయినట్టుంది. పాల దుకాణం వాడు నీళ్ళ బిందెలు తెచ్చాడు. తాళాలాయన ఒక్కో ముఖమూ చూస్తున్నాడు. మసి పట్టి అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒక్కటీ తన కూతురిది కాదు.

మనుషులు రావడం ఆగిపోయింది. గుమ్మంలో పొగ ఒక్కటే మిగిలింది.

ఆయన గుమ్మం మీద కాలు పెట్టబోతుండగా లోపలినించి ఖాళీ బకెట్టు చప్పుడు వినిపించింది. కూతురు వచ్చింది, బకెట్టు చేతిలోనే ఉంది.

"ఆరిపోయింది," అంది, ఊపిరి అందకుండానే. "ఇస్త్రీపెట్టె వైరు కాలి, ముందు గేటుకెళ్ళే గోదాము దారిలో బట్టల కుప్ప అంటుకుంది. అటు వెళ్ళే వీల్లేదు, ఇటు తలుపు రాలేదు. చిలకరించే నీళ్ళన్నీ దాని మీదే పోశాం."

ఆయన ఆమె ముఖం తుడవబోయాడు. ఆమె ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"గీతలన్నీ నిటారుగా ఉన్నాయి నాన్నా. నిన్న చూశాను. నువ్వే చెప్తావేమోనని పొద్దున ఆ మాటెత్తాను."

"నేనే బిగించాను," అన్నాడు తాళాలాయన. అందరికీ వినిపించేలాగే అన్నాడు.

ఆమె చెయ్యి వదల్లేదు. "ఇంకా ఎక్కడెక్కడ బిగించావు?"

"కుట్టు గది కిటికీలకి. మెట్ల కింది తలుపుకి."

కూతురు బకెట్టు కింద పెట్టి పక్కకి జరిగింది. తాళాలాయన సంచిలోంచి స్క్రూ డ్రైవరు తీసుకుని, తను ఏనాడూ దాటని ఆ గుమ్మం దాటి లోపలికి నడిచాడు. కూతురు ఆయన వెనకే నడిచింది. తలుపు ఎవరూ మూయలేదు. కాసేపటికి ఒక స్క్రూ, తర్వాత ఇంకో స్క్రూ, అక్కడెక్కడో నేల మీద రాలుతున్న చప్పుడు కూడలి దాకా వినిపించింది.