నలభైమూడో కుండీ ఏం తింటోంది?

మా గాజు ఇంట్లో మూడు వందల మొక్కలు పస్తులుంటున్నాయి. పస్తులుంచేది నేనే. నాకు జీతం ఇచ్చేదే అందుకు.

ఉంచమనేది మా మరదలు. మా ఆవిడకి స్వయానా చెల్లెలు, ఇక్కడ నాకు పై అధికారి. ఇంట్లో నా మాటలకి నవ్వుతుంది, ఆఫీసులో వాటికే సంజాయిషీ అడుగుతుంది. ఆవిడ పని క్లోవర్‌ని సంకరం చెయ్యడం. క్లోవర్ అంటే పశువులు లొట్టలేసుకుంటూ తినే మూడాకుల మేత మొక్క. మంచిదే కానీ మహా సుకుమారం. నేలలో భాస్వరం తగ్గితే దాని స్వరం పడిపోతుంది. రాళ్ల సందుల్లో బతికే అడవి చుట్టం ఒకటుంది దానికి. పెరగడానికి బద్ధకం, మేతకి దండగ, లేమిలో బతకడంలో మాత్రం ఘనాపాఠీ. ఈ రెండింటికీ ఆరేళ్లుగా పట్టకారుతో పుప్పొడి అద్ది పెళ్లిళ్లు చేస్తోంది మరదలు.

"పరాగం పనిలో పరాకు పనికిరాదు" అంటాను నేను.

"పరాచికం కూడా" అంటుంది.

పుట్టిన పిల్లల్లో చాలామందికి తల్లి సుకుమారం, తండ్రి బద్ధకం వచ్చాయి. "ఆరేళ్లుగా గడ్డి పీకుతున్నారా? రెండు నెలల్లో ఒక్క మొక్కయినా నిలబడకపోతే మీ కుండీలున్న ఈ బల్లలు టమాటా వాళ్లకి" అని పెద్దసారు మరదలికి గడ్డి పెట్టారు.

సరిగ్గా అప్పుడు లేచింది నలభైమూడో కుండీ. మిగతావన్నీ ఆకులు చిన్నవై, చిన్నబోయి, కాడలు ఎర్రబారి ఉంటే, ఇది కోటు గుండీలంత ఆకులేసుకుని కుండీ అంచు దాటి పాకింది. మరదలు దాని ముందు స్టూలు వేసుకుని కూర్చుంది.

"బావా, ఇది ఏం తింటోంది?"

"నా చేత్తో చిటికెడు ఎక్కువ పడలేదు. ఒట్టు."

రెండు రోజులు ఆరా తీశాం. ఎరువుల కొలత పుస్తకం సరిగ్గానే ఉంది. కుళాయి నీళ్లు పరీక్షకి పంపాం. బస్తాలో మిగిలిన మట్టినీ పంపాం. ఎక్కడా భాస్వరం జాడ లేదు. మరదలి ముఖం వెలిగిపోయింది. "రేపు పెద్దసారుకి చూపిస్తాను బావా" అంది.

ఆ మధ్యాహ్నం ఎప్పట్లాగే ఆ బల్ల చివర కూర్చుని అన్నం తిన్నాను. ఖాళీ అయిన కూర డబ్బాలో కాసిన్ని నీళ్లు పోసి, గిరగిరా తిప్పి, విసరబోతూ ఆగిపోయాను. నా చెయ్యి కింద నలభైమూడు.

నెలల తరబడి మొక్కకి కూర నీళ్లు పోసి నేను గడ్డి తిన్నానన్నమాట!

చెప్పకపోతే ఎవరికీ తెలీదు. బల్లలు దక్కుతాయి. ఆవిడ ఆరేళ్లూ దక్కుతాయి. డబ్బా పట్టుకుని మరదలి గదిలోకి వెళ్లి, ఒక్క చమత్కారం కూడా కలపకుండా చెప్పేశాను.

మరదలు డబ్బా అందుకుని వాసన చూసింది.

"రోజూనా?"

"ఆదివారాలు సెలవు."

"అంతా నలభైమూడులోకేనా?"

"విసురుని బట్టి. పక్కనున్న నలభైనాలుగులోకీ సగం పడుతుంది."

విసురుగా లేచి బల్ల దగ్గరికి నడిచింది. నలభైనాలుగు మీదకి వంగింది. నలభైమూడుకి తోబుట్టువే అది. గిడసబారి, ఎర్రకాడలతో, మంచం పట్టినట్టుంది.

"ఇదీ నీ కూర తిన్నదే కదా. మరి దీనికెందుకు ఒళ్లు పట్టలేదు?"

"నన్ను తిట్టవా?"

"తర్వాత తిడతాను. ముందు బ్లేడు ఇవ్వు."

క్లోవర్ తీగ ముక్కని కణుపు దగ్గర కోసి నాటితే అదే మొక్క మళ్లీ వస్తుంది. నలభైమూడు నుంచి పది ముక్కలు, మామూలు క్లోవర్ నుంచి పది కోసి, కొత్తగా తెచ్చిన పస్తుల మట్టిలో నాటింది. పైన వల కప్పింది. నా భోజనం వరండాలోకి మారింది. పెద్దసారుకి జరిగిందంతా తనే చెప్పింది. ఆయన నా వైపు ఒక చూపు చూసి, "అయిదు వారాలు" అన్నారు.

అయిదు వారాలు మరదలు రోజూ నాకంటే ముందొచ్చి వల కింద తొంగి చూసేది. ఏమైందని అడిగితే, "చూడనీ" అనేది.

చివరికి వల తీశాం. మామూలు క్లోవర్ ముడుచుకుపోయింది. నలభైమూడు ముక్కలు పదికి పదీ పచ్చగా ఉన్నాయి. కోటు గుండీలు కావు, చొక్కా గుండీలు. అన్నీ కోసి ఎండబెట్టి తూచితే మామూలు దానికి ఒకటిన్నర రెట్లు.

"మొదట చూపించబోయిన ఒంట్లో సగం మీ బావ కూరదే" అన్నారు పెద్దసారు.

"మిగతా సగం దానిదే సార్."

ఆయన అంకెలు ఇంకోసారి చూసుకున్నారు. "బల్లలు ఉంచుకోండి."

ఆయన వెళ్లగానే మరదలు రెండు కుండీలు బోర్లించి, వేళ్లు పళ్లెంలో కడిగింది. మామూలు దానివి దారాల కుచ్చు. నలభైమూడుది లావుగా, సూటిగా కిందకి దిగి, కుండీ అడుగు తగిలి, రెండు చుట్లు చుట్టుకుంది.

"దీని వేరు వేరు" అన్నాను.

నవ్వలేదు. పురికొసతో కొలుస్తోంది. కుండీ లోతుకి మూడింతలు.

"బావా, అడుగు అడ్డం రాకపోతే ఇది ఎందాకా పోయేది?"

నాకూ తెలీదు. గోడవతల నిలువెత్తు నీళ్ల పైపు ఒకటి ఊరికే పడుంది. మట్టి నింపితే కుండీ అవుతుందని, అది తీసుకురావడానికి బయల్దేరాను.