కోడలి చేతిలో ప్రసాదం

మా కోడలు పూజిత బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకుందన్న సంగతి నిడదవోలులో మా ఇంటి గడప దాటలేదు. "ఎవరికీ చెప్పొద్దండి అత్తయ్యగారూ" అని నా చేతిలో చెయ్యేసి మాట తీసుకుంది. పెళ్ళయిన రోజు నుంచీ మా చుట్టాలు ఆ పిల్ల ఒళ్ళు చూసి ఆడిన మాటలు నేనూ విన్నాను. ఇప్పుడు తగ్గితే "కోయించుకుని తగ్గింది" అంటారు. మావాళ్ళ నోళ్ళు నాకు తెలియనివా? సరేనన్నాను.

ఆపరేషన్ అయ్యాక ఖాళీ కడుపున తీపి తింటే అది చప్పున కిందికి దిగి, ఒంట్లో షుగర్ ఒక్కసారిగా పెరిగి, గంటకో రెండు గంటలకో బాగా పడిపోతుందట. శ్రావణ శుక్రవారం పరమాన్నం తిన్న గంటకి వంటింట్లో చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, పొంతన లేని మాటలు మాట్లాడుతూ కూలబడింది. మా అబ్బాయి సుమంత్ గ్లూకోజ్ నీళ్ళు తాగించాడు. తేరుకుంది. "ఇంకో గిన్నె పరమాన్నం పెట్టనా?" అన్నాను నేను. సుమంత్ ఫోన్ చేస్తే, నా మాట విన్న డాక్టరమ్మ ఫోన్‌లోనే నన్ను కేకలేసింది. షుగర్ పడిపోయినప్పుడు కాస్త గ్లూకోజ్ ఇచ్చి, తేరుకున్నాక శనగలో పెరుగో పెట్టాలిట. మామూలప్పుడు తీపి జోలికి పోకూడదు, కడుపు ఎండబెట్టకూడదు. మర్యాదంటే తీపితోనే మొదలయ్యే ఇంట్లో పుట్టినదాన్ని, నాకిది మింగుడుపడడానికి చాలా రోజులు పట్టింది.

అందుకే అన్నవరంలో వ్రతానికి ముందు ఆ పిల్లచేత ఉడికించిన శనగలు తినిపించాను. "ఉపవాసం కదండీ" అంది. "నీ వంతు కూడా నేనుంటాలే, తిను" అన్నాను. స్వామితో నేను మాట్లాడుకుంటాను.

వ్రతం ఆలస్యమైంది. ఆ శనగలు ఎప్పుడో అరిగిపోయి ఉంటాయి. బయటికి రాగానే సంచిలోంచి పెరుగు డబ్బా తీయబోతుంటే మా ఆయన అక్కగారు, రాజమండ్రి వదినగారు, ఆకులో తియ్యటి వేడి ప్రసాదం తెచ్చి పూజిత చేతిలో పెట్టారు. పూజిత కళ్ళకద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంది.

"అదేంటమ్మాయ్, అంతా తినాలి. స్వామి ప్రసాదం వదలకూడదు" అని వదినగారు ఎదురుగా నిలబడ్డారు. చుట్టూ చుట్టాలు. తింటే కొండ దిగేలోపు పడిపోతుంది. వద్దంటే ఎందుకో చెప్పాలి. పూజిత నావైపు చూసింది.

నేను ఆ ఆకు లాక్కుని గబగబా తినేశాను.

"ఏంటి అమ్మణ్ణీ, కోడలి చేతిలో ప్రసాదం కూడా వదలవా?" అన్నారు వదినగారు. అందరూ నవ్వారు. "అందుకే చిక్కిపోయింది పాపం. అత్తగారు తిండి పెడితేగా" అని ఇంకెవరో అందుకున్నారు.

నా ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చినవాళ్ళకి పెట్టందే కుదురుగా కూర్చోలేని మనిషిని నేను. అయినా నోరు మూసుకున్నాను. ఇచ్చిన మాట తప్పలేను కదా.

"అత్తయ్యగారిని ఏమీ అనకండి" అంది పూజిత. గొంతు వణుకుతోంది. షుగర్ పడిపోతోందేమోనని గ్లూకోజ్ కోసం సంచిలో చెయ్యి పెట్టాను. అది కాదు. "బరువు తగ్గడానికి నేను ఆపరేషన్ చేయించుకున్నానండి. తీపి తింటే పడిపోతాను. నాకోసమే లాక్కున్నారు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏ నోళ్ళకి భయపడి ఇన్నాళ్ళూ దాచిందో, వాటి ముందే చెప్పేసింది. మరి నేను అన్ని మాటలు పడింది దేనికని కోపమొచ్చింది నాకు. ఏడుపూ వచ్చింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ వదినగారి ఎదుట నా తరఫున ఎవరూ నోరు విప్పలేదు. మా ఆయన విప్పలేదు, నేను కన్న సుమంతూ విప్పలేదు. ఈ పిల్ల విప్పింది.