అప్పయమ్మ పార

మా ఆడపడుచు తనూజ ఖైరాగఢ్‌లో శిల్పం చదువుకుని వచ్చాక, మా రైల్వే క్వార్టరు పెరడు కాస్తా పాత ఇనప సామాన్ల కొట్టయిపోయింది. బాయిలర్ గొట్టాలు, అరిగిపోయిన బ్రేక్ దిమ్మలు, పగిలిన లాంతరు గాజులు, మూతల్లేని టిఫిన్ క్యారేజీలు. మునక్కాయల కోసం పెరట్లోకి వెళ్లి మోకాలికి దెబ్బ తగలకుండా తిరిగొచ్చిన రోజు లేదు. ఇల్లు పీకి పందిరి వెయ్యడమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది.

అది ఎనభై తొమ్మిది. బిలాస్‌పూర్‌లో మా షెడ్డుకి బొగ్గు ఇంజన్లతో చేసుకునే విశ్వకర్మ పూజ ఇక అదే ఆఖరిదని అందరూ చెప్పుకుంటున్నారు. అందుకని పూజ కమిటీవాళ్లు దేవుడి మంటపం పక్కన షెడ్డు గుర్తుగా ఏదైనా బొమ్మ చెయ్యమని తనూజని అడిగారు. ఇంజను బొమ్మ చేస్తుందని వాళ్ల ఆశ. ఈ పిల్ల వాళ్లమ్మ బొమ్మ మొదలుపెట్టింది.

వాళ్లమ్మ అంటే మా అత్త అప్పయమ్మ. మావయ్య బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా ఉండగా ఇంజను మీదే ప్రాణం వదిలాడు. ఆయన పోయాక అత్తకి షెడ్డులో ఖలాసీ ఉద్యోగం ఇచ్చారు. అంతవరకు ఒంటరిగా గడప దాటి ఎరగని మనిషి, ఇంజన్ల కింద బూడిద గుంటలోకి దిగి, మావయ్య పారతోనే వేడి బూడిద ఎత్తిపోసి, ఇద్దరు పిల్లల్ని చదివించింది. నోరు ఆ బూడిద కన్నా వేడి. ఎదురుపడితే ఫోర్‌మనే తప్పుకుని దారిచ్చేవాడు.

అలాంటి మనిషి విశ్వకర్మ పూజనాడు పిల్లిలా అయిపోయేది. ఆ రోజు షెడ్డులో ఎవరి పనిముట్టు వాళ్లు కడిగి, పసుపు రాసి, తమ చేత్తో దేవుడి ముందు పెట్టుకోవడం ఆనవాయితీ. మొగుళ్లు పోయి ఉద్యోగాల్లోకి వచ్చిన ఆడవాళ్లు మాత్రం వెనక నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడేవారు. వాళ్ల పనిముట్లు వేరేవాళ్లు తీసుకెళ్లి పెట్టేవారు. పొమ్మన్నవాళ్లెవరూ లేరు. వీళ్లే పోయి నిలబడేవారు, అందరికన్నా ముందు మా అత్త. ఆవిడ పారని ఏటా డ్రైవరు పోలయ్య మోసేవాడు. మావయ్య పనిచేసింది ఆయన ఇంజను మీదే. అదంతా చూస్తే నాకు ఒళ్లు మండేది. ఏడాది పొడుగునా బూడిద ఎత్తిన చేతికి ఆ ఒక్కరోజే మైల వచ్చిందా అని అడిగితే, నీకేటి తెలుసే ఊరుకో అనేది.

ఈసారి వాళ్లమ్మ తన పార తన చేత్తోనే పెట్టాలి. తనూజకి కావలసింది అదొక్కటే.

బొమ్మ మనిషికన్నా ఎత్తు లేచింది. ఒళ్లు బాయిలర్ గొట్టాలు, భుజాలు బ్రేక్ దిమ్మలు, ముఖం కాలిన బొగ్గు చిట్టెం. చీర కోసం కాలనీ అంతా తిరిగి, షెడ్డులో పనిచేసే ఆడవాళ్ల పాత చీరలు అడిగి తెచ్చి, బొంత కుట్టించింది. కుట్టింది నేనే. వేళ్లు వాచింది నాకు, పేరొచ్చింది ఆవిడగారికి. నుదుటి మీద పాత సిగ్నల్ చట్రం బిగించి, వెనక బల్బు పెట్టింది. చట్రంలో ఎర్ర గాజొకటి, పచ్చ గాజొకటి. బయటికి ఎరుపే కనిపిస్తోంది. అక్కణ్ణుంచి ఒక తీగ ఖాళీగా ఉన్న కుడిచేతిలోకి దిగింది. అదెందుకని అడిగితే చూద్దువుగాని వదినా అంది.

పూజ ముందురోజు అత్త బొమ్మని చూసింది. తనేనని గుర్తుపట్టింది. నుదుట ఎరుపు చూసి మండిపడింది.

"ఈ ముఖానికి బొట్టేటే? నలుగురూ నవ్వాలనా?"

"నీ పార నువ్వే తెచ్చి ఆ చేతిలో పెట్టమ్మా. తర్వాత నువ్వు తీసెయ్యమంటే తీసేస్తాను."

అత్త రాను పొమ్మంది. పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు. మా ఇంట్లో తల్లికో కుందేలు, కూతురికో కుందేలు.

పూజనాడు అందరి సుత్తులూ పానాలూ దేవుడి ముందుకి చేరాయి. ఆడవాళ్లు మామూలుగానే ట్యాంకు దగ్గర నిలబడ్డారు. హారతికి వేళవుతోంది. అది అయిపోతే బొమ్మ ఖాళీ చేత్తో మిగిలిపోతుంది. పోలయ్య అలవాటు ప్రకారం అత్త దగ్గరికొచ్చి పార అందుకున్నాడు. తనూజ ముఖం పాలిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

పోలయ్య బొమ్మ ముందుకెళ్లి, ఆ ఖాళీ చేతికి తగిలించడానికి పార ఎత్తాడు. తలెత్తి ఆ నుదుటి వంక చూశాడు. ఎత్తిన పార దింపి, వెనక్కి నడిచొచ్చి అత్త చేతిలో పెట్టేశాడు.

"ఎదర ఎర్ర దీపం ఉంది వదినా. నా సర్వీసులో ఒక్కపాలి కూడా ఎర్ర దీపం దాటనేదు. నీ పార నువ్వే అట్టుకెళ్లు."

తనూజా పోలయ్యా ముందే మాట్లాడుకున్నారా అని తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు.

పార అందుకునేవాళ్ల కోసం అత్త చుట్టూ చూసింది. ఒక్కరూ చెయ్యి చాపలేదు. ఆఖరికి నా వంక చూసింది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. అత్త మాట వినకపోవడం అంత హాయిగా నాకెప్పుడూ లేదు.

"అచ్ఛా, అందరూ ఒకటైపోనారన్నమాట," అంది అత్త.

పార భుజాన వేసుకుని బయల్దేరింది. బూడిద గుంటకి వెళ్లేటప్పుడు ఎలా నడిచేదో అలాగే నడిచింది. వెళ్లి బొమ్మ చేతికి పార తగిలించింది. ఆ బరువుకి చెయ్యి కిందికి దిగింది, తీగ బిగిసింది, నుదుటి మీద చట్రం టక్కుమని కదిలింది. ఎరుపు తప్పుకుని పచ్చ దీపం వచ్చింది.

రైల్వే జనానికి దాని అర్థం విప్పి చెప్పాలా? షెడ్డు లైన్లో నిలబడ్డ ఇంజను కూత పెట్టింది. దాని వెనక ఇంకొకటి, ఆ వెనక ఉన్నవన్నీ. నేను సిగ్గు లేకుండా అందరి ముందూ ఏడ్చాను. అంత సంతోషం నాకు మళ్లీ కలగలేదు.

కూతలు ఆగాక, బొట్టు తీసెయ్యమంటావా అమ్మా అని తనూజ మెల్లగా అడిగింది. అత్త ఒకసారి పచ్చ దీపం వంక చూసింది. ట్యాంకు వైపు తిరిగింది. అక్కడ ఆవిడ తోటి ఖలాసీ అసిరమ్మ, మిగతా ఆడవాళ్లు కొయ్యబారి చూస్తున్నారు.

"ఏటలా నిలబడిపోనారు? సిగ్నలిచ్చీసినా కదలరేటి? ఎవులి సామాను ఆళ్లు అట్టుకు రండి."

ముందుగా అసిరమ్మ కదిలింది, నూనె డబ్బా గుండెలకి హత్తుకుని. ఆవిడ వెనక అందరూ కదిలారు. పోలయ్య పక్కకి జరిగి వాళ్లకి దారిచ్చాడు.